మేళంలో చేరే పిల్లలు: అలంపూరు సీమలో వాద్యశిక్షణ

తెలుగునాట మేళం అంటే సన్నాయి, డోలు, సుతి, తాళం కలిసినది. తుంగభద్ర ఎడమ గట్టున ఉన్న అలంపూరులోను, చుట్టూ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోను గుడి సేవకూ పెళ్లికీ ఈ మేళమే కావాలి. వాయించేవారిని భజంత్రీలు అంటారు. తెలంగాణలో ఈ వృత్తి ఎక్కువగా మంగలి కుటుంబాలది, అంటే నేటి నాయీబ్రాహ్మణులది. ఆ ఇళ్లలో పిల్లవాడి చేతికి మొదట వచ్చేది తాళం, చివరికి వచ్చేది సన్నాయి. వాద్యం కొని పిల్లవాడికి ఇవ్వడం తర్వాతి కాలపు పద్ధతి. పాత పద్ధతిలో ముందు పిల్లవాడి ఊపిరినీ వేళ్లనూ చెవినీ సిద్ధం చేసేవారు. అవి కుదిరాకే వాద్యం చేతికి అందేది.

ఈ సీమకు గుడి వాద్యంతో సంబంధం చాలా పాతది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో అలంపూరులో నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు. వాటిలో స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని కాలం నాటిది. బాలబ్రహ్మేశ్వరుడికి నేటికీ నిత్యపూజ జరుగుతోంది. అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోదిగా చెప్పే జోగులాంబ ఆలయాన్ని పాత చోటనే మళ్లీ కట్టి 2005లో తెరిచారు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని శైవుల లెక్క. పడమటి ద్వారం అలంపూరు, ఉత్తర ద్వారం నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉమామహేశ్వరం. ఈ దారుల్లో శివరాత్రికి యాత్రికులు గుంపులుగా నడిచేవారు. 13వ శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి ఉత్సవాన్ని వర్ణిస్తూ వాద్యాల పేర్లూ రాగాల పేర్లూ వరసగా చెప్పాడు. అన్ని వాద్యాలు మోగాయంటే వాటిని వాయించేవారికి ఎవరో నేర్పి ఉండాలి. ఆ నేర్పిన పద్ధతి మాత్రం గ్రంథాలకు ఎక్కలేదు. అది తండ్రి నుంచి కొడుక్కి, మేనమామ నుంచి మేనల్లుడికి చేతి నుంచి చేతికి వచ్చింది.

నేర్పడం మొదలయ్యేది సాధారణంగా ఏడెనిమిదేళ్ల వయసులో. మంచి రోజు చూసి మొదలుపెడతారు. విజయదశమి అందరికీ తెలిసిందే. అక్షరాభ్యాసానికి పేరుపడ్డ వసంత పంచమి కూడా మంచి రోజే. అలంపూరులో ఆ రోజుకు ఇంకో విశేషం ఉంది. మాఘమాసంలో జోగులాంబ వార్షిక బ్రహ్మోత్సవాలు ముగిసేదీ ఆ పంచమి నాడే. మహర్నవమి నాడు ఆయుధపూజలో రైతు నాగలినీ సాలె మగ్గాన్నీ పూజిస్తే, మేళంవారు డోలునూ సన్నాయినీ కడిగి తుడిచి పసుపు కుంకుమ పెడతారు. నేర్చుకునే పిల్లవాడు గురువుకు తాంబూలం, కొబ్బరికాయ ఇచ్చి కాళ్లకు మొక్కుతాడు. గురువు తండ్రే అయినా ఈ మర్యాద తప్పదు.

మొదటి పాఠాలు నోటితోనే. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, ఆ తర్వాత జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. ఈ వరసను కూర్చినవాడు పురందరదాసు (1484–1564) అని సంగీత సంప్రదాయం చెబుతుంది. ఆయన ఉన్న విజయనగరం తుంగభద్ర ఒడ్డునే ఉంది. అలంపూరు పిల్లవాడు కూర్చుని సాధకం చేసేదీ ఆ నదికి దిగువ గట్టునే. స్వరం పాడుతూ చేత్తో తాళం వేయాలి. ఒకే పాఠాన్ని మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని మూడు వేగాల్లో చెప్పాలి. గొంతులో నిలవని స్వరం సన్నాయిలోనూ నిలవదు. ఎందుకంటే సన్నాయిలో స్వరస్థానం సగం వేలి పని అయితే, సగం పెదవి పని. రంధ్రాన్ని ఎంత మూయాలో, ఊపిరి ఎంత బిగించాలో చెవి చెబితేనే తెలుస్తుంది. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి మీటలున్నాయి. సన్నాయిలో అటువంటి ఆసరా లేదు.

నోటి పాఠం నడుస్తుండగానే పిల్లవాడిని మేళం వెంట తీసుకువెళ్లేవారు. చేతికి కంచు తాళాలు ఇచ్చి డోలు పక్కన నిలబెట్టేవారు. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు తప్పకుండా వేయడమే అతని పని. పక్కన డోలు ఎంత దూరం పోయినా, సన్నాయి ఎక్కడ ఆగినా తాళం మాత్రం జారకూడదు. చూడటానికి ఇది చిన్న పనే. కాని మేళం మొత్తం దాని మీదే నిలబడుతుంది. రాత్రి ఊరేగింపులో నిద్ర ముంచుకొస్తున్నా ఆ చేయి ఆగకూడదు.

తాళం తర్వాత సుతి. దీన్ని ఒత్తు అని కూడా అంటారు. సన్నాయి ఆకారంలోనే ఉంటుంది, వాయించే రంధ్రాలు ఉండవు. ఒకే ఒక ఆధార షడ్జాన్ని గంటల తరబడి తెగకుండా పట్టడమే దాని పని. స్వరం తెగకూడదంటే ఊపిరి తెగకూడదు. ఇందుకు బుగ్గల్లో గాలి నింపి, ఆ గాలిని బుగ్గల బిగింపుతో మెల్లగా పీకలోకి, అంటే వాద్యం కొసన ఉండే రెల్లు ముక్కలోకి తోస్తూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. నీళ్ల చెంబులో గొట్టం పెట్టి బుడగలు ఆగకుండా ఊదడం ఈ ఊపిరి సాధనకు తేలిక దారి. బుడగ ఆగిందంటే ఊపిరి తెగిందని పిల్లవాడికే కనిపిస్తుంది, గురువు చెప్పనక్కరలేదు. సుతి పట్టడం పిల్లవాడికి రెండు విధాల మేలు చేసేది. దమ్ము నిలిచేది, చెవిలో షడ్జం పాతుకుపోయేది. మేళంలో ఒక మనిషి పని కూడా గడిచేది. తరవాత తిత్తితో పనిచేసే సుతి పెట్టె వచ్చింది. ఆ తర్వాత కరెంటుతో పనిచేసే సుతి యంత్రం వచ్చింది. ఒత్తు పట్టే పిల్లవాడి చోటు పోయింది. ఆ చోటుతో పాటు ఊపిరి నేర్చుకునే మంచి బడి కూడా పోయింది. ఇది సంగీతానికి జరిగిన నష్టమే.

ఇక సన్నాయి చేతికి వస్తుంది. తెలుగునాట సన్నాయి, నాగస్వరం, నాదస్వరం అన్న మాటలు కలిసిపోయి వాడుకలో ఉన్నాయి. వాద్యం మాత్రం పొడవును బట్టి మారుతుంది. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో మోగేదాన్ని తిమిరి అంటారు. రెండున్నర అడుగుల వరకూ పొడవుండి తగ్గు శ్రుతిలో పలికేది బారి. బారికి రంధ్రాల మధ్య దూరం ఎక్కువ, చిన్న వేళ్లకు అందదు. అందువల్ల పిల్లలకు పొట్టి సన్నాయే మొదటి వాద్యం. వాయించే రంధ్రాలు ఏడు. కింది భాగంలో ఇంకో అయిదు రంధ్రాలుంటాయి, వాటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేస్తారు. కింద గంటలా విచ్చుకున్న భాగాన్ని అనసు అంటారు. పై కొసన లోహపు గొట్టం, దానికి పీక.

సన్నాయి కర్రకు నారయేపి పేరుపొందింది. తమిళులు దీన్నే ఆచ్చా అంటారు. కర్నూలు, అనంతపురం, పాలమూరు పొడి అడవుల్లో ఈ చెట్టు పెరుగుతుంది. కొత్తగా కొట్టిన కర్ర పనికిరాదు. చెమ్మ పూర్తిగా పోయి గట్టిపడాలి. కావేరి ఒడ్డున నరసింగంపేటలో వాద్యం చేసేవారు పాత ఇళ్ల దూలాలూ స్తంభాలూ కొని వాటి నుంచి నాదస్వరాలు తీస్తారు. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 20వ శతాబ్దంలో ఆ ఊరి రంగనాథన్ ఆచారి, విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) కలిసి శుద్ధ మధ్యమం చక్కగా పలికేలా బారి నాదస్వరాన్ని తీర్చారు. ఆ వాద్యాన్ని, తంజావూరు బాణీని తెలుగువారికి దగ్గర చేసినవాడు ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా (1924–1999). తెలుగు నాదస్వరం ఒక్క కులానిది కాదని ఆయన పేరే చెబుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో దూదేకుల ముస్లిం కుటుంబాలు తరతరాలుగా రామాలయాల్లో, శివాలయాల్లో మంగళవాద్యం వాయించాయి.

పిల్లవాడికి అన్నిటికంటే కష్టం పీకతోనే. రెల్లు జాతి గడ్డిని ఎండబెట్టి, ఉడకబెట్టి, నొక్కి, రెండు పొరలు ఒకదాని మీద ఒకటి కూర్చుని పలికేలా దారంతో కట్టి పీక చేస్తారు. ఎండితే పలకదు, బాగా నానితే మూసుకుపోతుంది. వాయించే ముందు నోట్లో పెట్టుకుని తడి చేయాలి. పొరల మధ్య సందు చాలకపోతే సన్నని సూదితో మెల్లగా విప్పాలి. అందుకే సన్నాయికి దారం కట్టి రెండు మూడు అదనపు పీకలనూ సూదినీ వేలాడదీస్తారు. దూరం నుంచి చూసేవారికి అది అలంకారంలా కనిపిస్తుంది. నిజానికి అది పనిముట్ల సంచి. మధ్యలో పీక చీలితే కొత్తది పెట్టి పాట తెగకుండా అందుకోవాలి కదా. గట్టి పీక పిల్లవాడి పెదవులకు లొంగదు. పెద్దలు వాయించి వాయించి మెత్తబడ్డ పీక అతనికి ఇస్తారు. అలా పిల్లవాడికి దక్కే మొదటి సొంత వస్తువు తరచుగా తండ్రి వాడిన పీకే.

డోలు దారి వేరు. పనస దుంగను తొలిచి రెండు వైపులా తోలు బిగిస్తే డోలు. బరువు పెద్దలకే భారం, ఎనిమిదేళ్ల పిల్లవాడు భుజాన వేసుకుని నిలబడలేడు. కాబట్టి డోలు పాఠం డోలు లేకుండానే మొదలవుతుంది. కూర్చుని, చెక్క మీదో రాయి మీదో పుల్లతో ఒక చేయి, వేళ్లతో ఇంకో చేయి కొడుతూ జతులు నోటితో చెప్పాలి. ‘త ధి తొం నం’ అన్న నాలుగు మాటలు మూడు కాలాల్లో, రోజూ గంటల కొద్దీ సాగుతాయి. నిజమైన డోలుకు ఎడమ వైపు పుల్ల, కుడి వైపు వేళ్లు. ఆ వేళ్లకు గట్టి తొడుగులుండాలి. గుడ్డ పీలికలను మెతుకుల జిగురుతోనో మైదా జిగురుతోనో తడిపి వేలికి చుట్టి, ఆరబెట్టి, గట్టిపడ్డాక తీసి దాచుకుంటారు. ఒకరి తొడుగు ఇంకొకరికి సరిపోదు. పిల్లవాడి వేలు ఏడాదికేడాది లావవుతుంది గనుక తొడుగులు మళ్లీ మళ్లీ చుట్టుకోవాలి. చుట్టడం సరిగా రాకపోతే తొడుగు లోపల చర్మం రాసుకుని పుండు పడుతుంది. అందుచేత జతులు నేర్చే పిల్లవాడు దానితో పాటు జిగురు కలపడమూ నేర్చుకుంటాడు.

వాయించడం వచ్చినంత మాత్రాన మేళగాడు కాడు. ఏ వేళకు ఏ రాగమో తెలియాలి. తెల్లవారుజామున భూపాలం, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి అని గుడి లెక్క. పెళ్లిలో ఇంకా జాగ్రత్త కావాలి. పురోహితుడు చేయి ఎత్తి ‘గట్టిమేళం’ అనగానే నడుస్తున్న పాట అక్కడే వదిలి సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తాలి. మాంగల్యధారణ వేళ తుమ్ము, ఏడుపు, చెడ్డ మాట చెవిన పడకూడదన్నది దాని ఉద్దేశం. కొత్తగా చేరిన పిల్లవాడి కళ్లు మేళం పెద్ద మీద కాక పురోహితుడి చేతి మీద ఉండాలి. పెళ్లివారు ఏ రాగం వాయించారో మరిచిపోతారు, గట్టిమేళం ఒక్క క్షణం ఆలస్యమైతే మాత్రం మరిచిపోరు.

ఈ శిక్షణకు ఫీజు లేదు. దాని వెనక వేరే లెక్క ఉండేది. గుడి సేవకు, ఊరి సేవకు ప్రతిఫలంగా మాన్యం భూమి, పంట మీద కొలిచి ఇచ్చే గింజలు, పెళ్లికి బట్టలు, సంభావన దక్కేవి. కవి పండితులను ఆదరించిన గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు కోటల్లో, గుళ్లలో ఉత్సవాలు నడిపేవి. ఆ సేవ కొడుక్కి వస్తుంది కాబట్టే తండ్రి నేర్పేవాడు. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల అధికారం ముగిసింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం ఇనాముల రద్దు చట్టం తెచ్చింది. 1956 వరకూ రాయచూరు జిల్లాలో ఉన్న అలంపూరు, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశ్ ఏర్పాటుతో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం కింద అలంపూరు, కొల్లాపూరు ప్రాంతాల నదీతీర గ్రామాలు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూరుకు తెచ్చి నిలబెట్టారు. గుడిని అలా తరలించవచ్చు. ఊరికీ మేళానికీ మధ్య ఉన్న, గింజలు కొలిచి ఇచ్చే ఒప్పందాన్ని తరలించడం కుదరలేదు. క్షౌరవృత్తి ఒక చేత, మంగళవాద్యం ఒక చేత పట్టుకుని బతికిన కుటుంబాల్లో పిల్లవాడిని పదేళ్లు సాధకానికి కూర్చోబెట్టే స్తోమత తగ్గింది.

ఇదే సీమలో మేళానికి అవతల ఇంకో వాద్యలోకం ఉంది. డప్పు నేర్చే మాదిగ పిల్లవాడికి సామగ్రి ఇంకా తక్కువ. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. డప్పును మంట దగ్గర కాచి శ్రుతికి తెచ్చుకోవడం వాయించడమంత ముఖ్యమైన విద్య. ఎంత కాచాలో చేత్తో తట్టి చూసే తెలుసుకోవాలి. ఎక్కువ కాగితే తోలు చిట్లుతుంది. నాగర్‌కర్నూలు జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. వెదురు దండకు సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికి చేసే ఆ వాద్యాన్ని వాయించేవారే తయారు చేసుకుంటారు. అక్కడ వాద్యం చేయడం నేర్చుకోనివాడికి వాయించే అవకాశమే లేదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు కిన్నెర కళకే 2022లో పద్మశ్రీ వచ్చింది.

బ్యాండు ఈ ప్రాంతానికి సైన్యం వెంట వచ్చింది. 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు ఏర్పడ్డాక ఆంగ్ల పటాలాల బాకాలు, డ్రమ్ములు హైదరాబాదు రాజ్యంలో తరచుగా వినిపించసాగాయి. వనపర్తి రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దంలో ఆఫ్రికన్లతో గుర్రపు దళం పెట్టాడు. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. ఆ సిద్దీ కుటుంబాల మర్ఫా వాద్యం నేటికీ నగరంలో పెళ్లి ఊరేగింపుల ముందు మోగుతుంది. దక్షిణాన ఇంకో విచిత్రం జరిగింది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు కోటలో బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. సుమారు నలభై ఉన్న ఆ పాటలకు నోటుస్వరాలని పేరు. శంకరాభరణంలో తేలిగ్గా సాగుతాయి కాబట్టి సంగీతం మొదలుపెట్టే పిల్లలకు నేటికీ వీటిని నేర్పుతారు.

పెళ్లిళ్లలో బ్యాండు మేళం ఊపందుకున్నప్పుడు సన్నాయి కుటుంబాలు దాన్ని వదులుకోలేదు. క్లారినెట్టు, తరవాత శాక్సాఫోను మేళంలో చేరాయి. సుప్రసిద్ధ శాక్సాఫోను విద్వాంసుడు కద్రి గోపాలనాథ్ (1949–2019) కూడా నాదస్వర విద్వాంసుని కొడుకే. సన్నాయి పట్టిన పెదవికి క్లారినెట్టు పరాయిది కాదు. పీక ఉంది, ఊపిరి ఉంది. మీటలు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

తండ్రి నేర్పలేని రోజుల్లో కళాశాలలు వచ్చాయి. ఉత్తరాంధ్రలోని విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రధానాచార్యుడు. అలంపూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని కర్నూలులో శారదా సంగీత కళాశాల ఉంది. 2020లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబి అక్కడ చదివినవారే. తర్వాత చినమౌలానా వద్ద శిక్షణ పొందారు. కాలీషాబి వేదిక మీద కూర్చోవడం చిన్న సంగతి కాదు. కుటుంబాల్లో కొడుకుకే దక్కిన వాద్యం కూతురి చేతికీ వచ్చింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరానికి, డోలుకు పాఠశాల నడుపుతోంది. కళాశాల వచ్చాక క్రమం తిరగబడింది. ఇప్పుడు పిల్లవాడు ముందు వాద్యం కొంటాడు, తర్వాత పాఠం మొదలుపెడతాడు, పెళ్లి మేళంలో నిలబడేది అన్నిటికంటే చివర. పాత పద్ధతిలో పిల్లవాడు మొదటి పాఠాల నుంచే పెళ్లిలో ఉండేవాడు.

నేటి అలంపూరు సీమలో చాలామంది పిల్లలకు వాద్యంతో పరిచయం బడి బ్యాండులోనే. ఆగస్టు 15న, జనవరి 26న జెండా ముందు నడిచే బ్యాండులో సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, తాళాలు, బ్యూగిల్ ఉంటాయి. అవి బడి ఆస్తి, ఇంటికి పంపరు. ఇంటికి వెళ్లేవి రెండు పుల్లలే. వాటితో బల్ల మీదో, మడిచిన దుప్పటి మీదో కుడి ఎడమ, కుడి ఎడమ, ఆ తర్వాత కుడి కుడి ఎడమ ఎడమ అని కొట్టుకోవాలి. జంట వరుసల్లో ప్రతి స్వరాన్నీ రెండుసార్లు పలికినట్టే ఇక్కడ ప్రతి చేతినీ రెండుసార్లు పలికించాలి. పెద్ద డ్రమ్ము నిమిషానికి 120 అడుగుల కవాతు వేగాన్ని పట్టి ఉంచుతుంది. గట్టి భుజాలున్న పిల్లవాడికే దాన్ని ఇస్తారు. సైడ్ డ్రమ్ము పట్టీని పిల్లవాడి ఎత్తుకు సరిచేయాలి. లేకపోతే డ్రమ్ము మోకాలికి తగిలి అడుగు తప్పుతుంది. బ్యూగిల్‌కు రంధ్రాలు లేవు, మీటలు లేవు. పలికే అయిదారు స్వరాలూ పెదవి బిగింపుతో, ఊపిరి బలంతో రావలసిందే. తొలిరోజుల్లో గాలి తప్ప ధ్వని రాదు. పెదవులు వణికించి ఊదడం కుదిరాక ఒక స్వరం నిలుస్తుంది, దాని మీద రెండోది, అలా ఒక్కొక్కటే దారికొస్తాయి.